అత్తగారిని రైలు దింపడానికి అనుమతి

2001 మార్చి 14, బుధవారం, ఉదయం పది గంటల అయిదు నిమిషాలు. ఆకాశంలో మబ్బు లేదు. గాలి సముద్రం వైపు నుంచి వీస్తోంది. తీగ మీద ఆరవేసిన చీరల అంచులు లేచి పడేటంత గాలి. చీరాలలో నేతపనివారి వీధిలో ఒక నీలం తలుపు ముందు, చేతిలో ఇరవై రూపాయల స్టాంపు కాగితంతో నేను నిలబడి ఉన్నాను. ఈ వివరాలు ఆ గుమ్మం ముందే జేబు పుస్తకంలో రాసుకున్నవి. జ్ఞాపకం మీద ఆధారపడి నేను ఏ సంగతీ రాయను.

నేను గణాంక విభాగంలో ముప్ఫై రెండేళ్ళు పనిచేసి, అంతకు తొమ్మిది నెలల ముందు పదవీ విరమణ చేశాను. పంట కోత ప్రయోగాలు నా పని. పత్తి చేలో, మిరప చేలో అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు చదరం కొలిచి, తాడు కట్టి, అందులో పండినది తూచి, దాన్నిబట్టి మండలం దిగుబడి అంచనా కట్టేవాళ్ళం. అటువంటి మనిషికి ఆ నీలం తలుపుతో పనేమిటని అడగవచ్చు. చెబుతాను.

మా గుంటూరులో అద్దెకు పుస్తకాలిచ్చే దుకాణాలు వీధికొకటి ఉన్న కాలంలో, నేనూ నా భార్యా ఒక డిటెక్టివు నవలల వరసకు బానిసలమయ్యాము. అందులో డిటెక్టివు ఇల్లరికపు అల్లుడు. ఎడమ చెవికి మాత్రమే పోగు ఉంటుంది. అతడు ఆధారాలు సేకరిస్తాడు. అతడి అత్తగారు వంటింట్లో కూర తిరగమోత వేస్తూ, అల్లుణ్ణి తిడుతూ, ఆ తిట్లలోనే దొంగ ఎవరో చెప్పేస్తుంది. జిల్లాలో ఆ అత్తా అల్లుళ్ళ గురించి తెలియని ఇల్లు లేదంటే అది అంచనా మాత్రమే, లెక్క కాదు. నవలలు మొత్తం నలభై రెండు. నలభై రెండో నవల చివరి పేజీలో అత్తగారు అల్లుడి మీద అలిగి, పచ్చడి జాడీ చంకన పెట్టుకొని, చీరాల స్టేషనులో రైలెక్కుతుంది. అంతే. ఆ తరవాత నాలుగు నెలలకు రచయిత కాలం చేశారు. అది 1994.

అప్పటినుంచి మా ఇంట్లో ఒకటే మాట. రైలు కూత వినిపిస్తే చాలు, నా భార్య అనేది.

"పాపం, ఆవిడ ఇంకా రైల్లోనే ఉందండీ."

మొదట్లో నవ్వేవాణ్ణి. మూడో ఏడు దాటేసరికి నాకూ నవ్వు రాలేదు. విరమణ తరవాత రెండో వారంలో ఒక తెల్లకాగితం తీసుకొని ఆవిడను దింపడానికి కూర్చున్నాను. రెండు పేజీలు రాశాక చెయ్యి ఆగింది. ఆ అత్తగారు నా అత్తగారు కాదు. మరొకరి పొలంలో అనుమతి లేకుండా నేనెన్నడూ తాడు కట్టలేదు. అందుకని ఏడు నెలలు వాకబు చేసి, రచయిత భార్య పుట్టింటివారి దగ్గర, చీరాలలో ఉంటున్నారని తెలుసుకొని ఉత్తరం రాశాను. పదకొండో రోజున కార్డు వచ్చింది. "రండి. మాట్లాడుకుందాం." ఆ కార్డు వచ్చిన పూట నేను కాఫీలో పంచదారకు బదులు ఉప్పు వేసుకొని, సగం తాగి, బాగుందన్నానట. ఇది నా భార్య చెప్పిన సంగతి. నా దగ్గర నమోదు లేదు.

నీలం తలుపు తీసినావిడకు డెబ్బై రెండేళ్ళు. లోపలి గదిలో మగ్గం ఆడుతోంది. ఆవిడ నా స్టాంపు కాగితం తీసుకొని, కళ్ళజోడు పెట్టుకొని, నేను టైపు చేయించిన తొమ్మిది షరతులూ చదివారు.

"ఏందండీ ఇది? కతలు రాస్తానన్నారు, పొలం కౌలుకి తీసుకుంటన్నట్టు రాశారే."

"హక్కులు మీవి కదమ్మా. ఏ పాత్రను, ఎంతకాలం, ఎన్ని కథల్లో అన్నది స్పష్టంగా ఉండాలని..."

"కాయితం అట్టా పక్కన పెట్టండి. కత తెచ్చారా?"

"మీ కార్డు వచ్చాక పూర్తిచేశానమ్మా, ముప్ఫై ఒక్క పేజీలు. కానీ అనుమతి లేకుండా ఎవరికీ చూపించలేదు."

"నాకూ చూపించమాకండి. నేను చదివితే ఆయన మీద బెంగతో బాగుందనేస్తాను, లేకపోతే ఆయనలా లేదని తిడతాను. ఆయన ఎవురికి చదివేవారో వాళ్ళకే చదవండి."

అప్పుడు చెప్పారు. రచయిత పగలు గుంటూరు మిరప యార్డులో ఒక కమీషను కొట్టులో గుమాస్తా. ప్రతి నవలనూ అచ్చుకు పంపే ముందు, యార్డు వెనక రేకుల షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళ మధ్య బస్తా మీద కూర్చొని చదివేవారు. వాళ్ళు ఒప్పుకుంటే అచ్చుకు, లేకపోతే పొయ్యిలోకి. ఆ షెడ్డులో పాత మనుషులు కొందరు ఇంకా ఉన్నారు.

"వాళ్ళ దగ్గర మీ కత నిలబడిందా, నేను సంతకం పెడతాను. లేదా, కాఫీ తాగి వెళ్ళండి."

"నిలబడిందని ఎలా తెలుస్తుందమ్మా?"

"మీరు లెక్కల మనిషినని రాశారుగా ఉత్తరంలో. మీకే తెలుస్తది."

ఆ మాటను నేను ప్రశంసగా తీసుకున్నాను.

మార్చి 19, సోమవారం, ఉదయం పదింటికి షెడ్డుకు వెళ్ళాను. మిరప సీజను. రోడ్డు మీద లారీలు, లారీల మీద ఎర్రటి బస్తాలు. షెడ్డులో పద్నాలుగు మంది ఆడవాళ్ళు మూడు కుప్పల చుట్టూ కూర్చున్నారు. తీసిన కాయ తూకాన్నిబట్టి కూలి. అందుచేత వాళ్ళ వేళ్ళు ఆగవు. కాయ కాయకూ టిక్కు, టిక్కు అని చిన్న చప్పుడు. పద్నాలుగు జతల చేతులు కలిసి, రేకు మీద సన్నటి వాన పడుతున్నట్టు ఉంటుంది. మేస్త్రమ్మకు అరవై దాటాయి. నేను వచ్చిన పని చెప్పగానే చేతిలో కాయ వదలకుండానే నన్ను పైనుంచి కిందకు చూసింది.

"ఆ గుమాస్తా బాబు కతలా? అత్త కతలా? ఏమే, ఇన్నారా, అత్తని తెచ్చాడంట ఈ సారు!"

"రైలు దిగిందా సారూ?" అని మూల నుంచి ఎవరో అరిచారు.

"దిగుతుంది. వినండి" అన్నాను.

నేను నా పద్ధతి ముందే నిర్ణయించుకున్నాను. చివరి రెండు పేజీల్లో అల్లుడు స్టేషనులో అత్తగారి కాళ్ళకు దండం పెడతాడు. అక్కడ ఎంతమంది కళ్ళు తుడుచుకుంటారో లెక్కించాలి. సగం దాటితే కథ నిలబడినట్టు. చదివాను. ఒక గంటా పది నిమిషాలు పట్టింది. చివరి పేజీలో తల ఎత్తి లెక్కపెట్టాను. పద్నాలుగు మందిలో పదకొండు మంది కళ్ళు తుడుచుకుంటున్నారు! ఇద్దరు ముక్కు కూడా చీదుతున్నారు. నాకు కూడా కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి. నా రచనకు నేనే ఏడవడం ఉచితమా అన్న సందేహం కలిగింది గాని, దానిని వదిలేశాను.

ఇంటికి నడిచి వచ్చాను. రిక్షా ఎక్కాలన్న సంగతి తోచలేదు. గుమ్మంలోంచే అరిచాను.

"డెబ్బై ఎనిమిదిన్నర శాతం!"

"ఏవిటండీ అది, జ్వరమా?" అంది నా భార్య.

మార్చి 21, బుధవారం మళ్ళీ నీలం తలుపు. నా జేబు పుస్తకం తెరిచి, గీతలు కొట్టిన పట్టికను ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ పట్టిక చూశారు. నన్ను చూశారు.

"ఆ రోజు షెడ్డులో ఏ కాయ పోశారు?"

"తాలుకాయ అనుకుంటానమ్మా. రంగుపోయి తెల్లగా ఉంది. దులుపుతున్నారు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అది చాలలేదు. మగ్గం ముందు కూర్చున్న తమ్ముణ్ణి పిలిచారు.

"ఒరేయ్, ఇటు రా! తాలుకాయ దులిపే షెడ్డులో కళ్ళు తుడుచుకున్నోళ్ళని లెక్కపెట్టుకొచ్చాడురా!"

మగ్గం ఆగింది. ఇల్లంతా నవ్వింది. నేను నిలబడి చూస్తున్నాను. ముప్ఫై రెండేళ్ళు ఏ పొలంలో కొలిచినా, ముందు ఏమీ చేయని చదరం ఒకటి పక్కన ఉంచి, దానితో పోల్చి చూడాలని కింది ఉద్యోగులకు పాఠం చెప్పినవాణ్ణి. కథ మొదలుపెట్టక ముందు ఎంతమంది కళ్ళు తుడుచుకుంటున్నారో లెక్కపెట్టలేదు. బహుశా పద్నాలుగు మందీ. అంటే నా కథ ముగ్గురి ఏడుపు మాన్పించి ఉండవచ్చు.

"సిగ్గుపడమాకండి," అన్నారావిడ కళ్ళు తుడుచుకుంటూ. ఆ కన్నీళ్ళకు మాత్రం మిరపకాయ కారణం కాదు. "ఆయన కూడా మొదటిసారి అట్టాగే వచ్చి, అందరూ ఏడ్చారే అని నా ముందు గెంతులేశారు. రెండో పుస్తకం నుంచి కళ్ళు చూట్టం మానేసి చేతులు చూసేవారు."

"చేతులా?"

"కూలి పోగొట్టుకొని ఎవురాపుతారండీ చేతులు? ఆగినియ్యంటే కత పట్టుకున్నట్టే. ఇంకోటి అడుగుతాను. మీ కతలో అత్త ఎంత మాట్లాడింది?"

కాగితాలు తీసి అక్కడే లెక్కపెట్టాను. తొమ్మిది వాక్యాలు. ఒక పాత నవలలో ఆవిడ వాక్యాలు నేను సరదాకు ఒకసారి లెక్కించి ఉన్నాను: ఆరువందల పదకొండు. నా ముప్ఫై ఒక్క పేజీల్లో రైలు వేళలు ఇరవై రెండు చోట్ల ఉన్నాయి. అత్తగారు తొమ్మిది వాక్యాలు.

"కాఫీ తాగి వెళ్ళమంటారా అమ్మా?" అని అడిగాను.

"తాగి వెళ్ళి, మళ్ళీ రాయండి."

మరుసటి రోజు గురువారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక కాగితాలు పరిచి కూర్చున్నాను. అత్తగారి చేత ఏం మాట్లాడించాలో తెలియలేదు. అంతలో నా భార్య వచ్చి చాప మీద సిరాబుడ్డి ఒలికి ఉండటం చూసింది.

"ఇదేం పని? నిన్న తుడిచాను. మొన్న తుడిచాను. అరవై దగ్గర పడుతున్నాయి, ఒక బుడ్డికి మూత పెట్టడం చేతగాదు, ఊళ్ళో దిగుబడంతా ఈయనే లెక్కగట్టాడంట! ఎకరాకి ఎన్ని మూతలు పోగొట్టారో అది చెప్పండి ముందు!"

నేను కలం అందుకున్నాను.

"రాస్తున్నారా? నేను అంటున్నది రాస్తున్నారా?"

"ఆపకు. మూతల దగ్గర నుంచి చెప్పు."

ఒక్క క్షణం నా వైపు తేరిపార చూసింది. తరవాత చీర కుచ్చిళ్ళు సర్దుకొని, నా ఎదురుగా బాసింపట్టు వేసుకొని కూర్చుంది. నాలుగు గంటల పాటు తిట్టింది. మా పెళ్ళయిన నాటి నుంచి బాకీ ఉన్నవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మధ్యలో నవ్వు ఆపుకోలేక రెండుసార్లు లేచి వెళ్ళింది; మూడోసారి నేను వెళ్ళాను. సాయంత్రానికి అత్తగారికి మూడువందల నలభై వాక్యాలు దొరికాయి.

ఆ రాత్రి కూర్చుని తిరగరాస్తే కథ కూడా మారింది. ఎందుకు దాచాలి, నా పొరపాటునే కథగా వాడుకున్నాను. అత్తగారు ఎక్కిన పెట్టెలో పెళ్ళికొడుకు చేతిగడియారం పోతుంది. అదే సమయానికి ఎవరిదో మిరపకాయల బస్తా పిగిలి, పెట్టెలో అందరికీ కళ్ళనీళ్ళు. పై బెర్తు మీద ఒకడు మాత్రం "పొద్దుటినుంచి ఇక్కడే పడుకొని ఉన్నాను" అంటాడు. వాడి కళ్ళు పొడిగా ఉన్నాయి. బస్తా పిగిలినప్పుడు వాడు పెట్టెలో లేడు. గడియారం దాచడానికి పక్క పెట్టెకు వెళ్ళాడు. అందరూ ఏడుస్తుంటే ఏడవని వాణ్ణి అత్తగారు పచ్చడి జాడీ పక్కన పెట్టి పట్టుకుంటుంది.

మార్చి 23, శుక్రవారం. ఈసారి నా భార్యను కూడా తీసుకెళ్ళాను. షెడ్డులో అవే పద్నాలుగు మంది. ఏడుస్తున్నవారిని ముందే లెక్కపెట్టాను: పన్నెండు. ఆ అంకెను కొట్టివేసి చదవడం మొదలుపెట్టాను.

మూడో పేజీలో అత్తగారు టిక్కెట్ల ఆయన్ను పట్టుకొని తిడుతుంది. నవ్వులు వినిపించాయి గాని టిక్కు టిక్కు చప్పుడు తగ్గలేదు. ఆరో పేజీలో మేస్త్రమ్మ అడ్డుపడింది.

"పై బల్ల మీదోడే! ఆడి మొహం మండా, ఆడే తీసుంటాడు!"

"నీకెట్టా తెలుసే? పెళ్ళికొడుకు మేనమామ తీశాడు. మేనమామలే తీస్తారు" అంది పక్కావిడ.

"మీ మేనమామ తీశాడని అందరి మేనమామలూ తీస్తారంటే? సారూ, సదువు."

తొమ్మిదో పేజీ, పద్నాలుగో వరుస. అత్తగారు లేచి, పై బెర్తు వాడి గడ్డం పట్టుకొని వెలుతురు వైపు తిప్పి, "నీ కళ్ళేందిరా, ఎండిన బావుల్లా ఉన్నాయ్?" అంటుంది. చదువుతుండగా షెడ్డులో ఏదో తేడా అనిపించింది. వాన వెలిసినట్టు. తల ఎత్తలేదు. ఎత్తితే మళ్ళీ మొదలవుతుందేమోనని భయం. నా భార్య మోచేత్తో పొడిచి, చెవిలో చెప్పింది.

"ఏవండీ. అన్నీ ఆగిపోయాయి."

అప్పుడు సమయం పదకొండు గంటల నలభై రెండు నిమిషాలు. చేతులు మళ్ళీ కదిలింది పన్నెండింటికి. దొంగ దొరికి, గడియారం బయటపడి, అత్తగారు జాడీ చంకన పెట్టుకొని ఒంగోలు స్టేషనులో దిగాక.

"దిగిందే!" అని మూలావిడ చప్పట్లు కొట్టింది. "అమ్మయ్య, దిగిందే! ఏడేళ్ళు!"

"చీరాల నుంచి ఒంగోలుకి ఏడేళ్ళు పట్టిందంటే పాసింజరే అయ్యుంటది" అంది మేస్త్రమ్మ. అందరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. తరవాత ఆవిడ నా వైపు తిరిగింది. "సరే సారూ. కూకోండి మరి."

"ఎక్కడ?"

"కుప్ప కాడ. ఆ బాబు కత సెప్పి మా చేతులు ఆపితే, ఆగినంతసేపు కాయ తనే తీసి మా బుట్టల్లో ఏసి పోయేవోడు. సెప్పలేదా ఆయమ్మ?"

చెప్పలేదు. లెక్క వేశాను. పద్దెనిమిది నిమిషాలు, పద్నాలుగు మంది: రెండువందల యాభై రెండు నిమిషాలు. మా వేగం వాళ్ళ వేగంలో మూడో వంతని పావుగంటలో తేలింది. కాబట్టి ఏడువందల యాభై ఆరు. ఇద్దరం కాబట్టి సగం: ఆరు గంటల పద్దెనిమిది నిమిషాలు. ఆ లెక్క పైకి చదివితే షెడ్డు మరోసారి నవ్వింది.

"పిన్నీ, మీ ఆయన పెళ్ళిలో తాళి కూడా కొలిచి కట్టాడా?"

"మూడు ముళ్ళూ సమానంగా వచ్చాయో లేదో వెనక్కి తిరిగి చూశారమ్మా" అంది నా భార్య.

రెండో గంటకు వేళ్ళు వెచ్చబడ్డాయి. నాలుగో గంటకు మండసాగాయి. పొరపాటున ముక్కు తుడుచుకున్నాను. ఆ తరవాత కొంతసేపు జరిగినదానికి నా దగ్గర నమోదు లేదు. అయినా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. సాయంత్రం ఇంటికి వచ్చి మజ్జిగలో ఒకరి చేతులు ఒకరు ముంచాం. కొబ్బరినూనె రాసుకున్నాం. అన్నం చెంచాలతో తిన్నాం.

మార్చి 24, శనివారం, నీలం తలుపు. జేబు పుస్తకంలో అంతా సిద్ధంగా ఉంది: పేజీ, వరుస, నిమిషాలు, చేతులు. తెరవబోతే వేళ్ళు వంగలేదు. పుస్తకం కింద పడింది.

ఆవిడ దాన్ని తీయలేదు. "చేతులు చూపించండి" అన్నారు.

చూపించాను. నా భార్య కూడా చూపించింది. నాలుగు చేతులూ ఎర్రగా ఉబ్బి, నూనెతో మెరుస్తున్నాయి. ఆవిడ వాటిని వెలుతురులోకి తిప్పి చూశారు, చాలాసేపు.

"ఎంతసేపు ఆపావు నాయనా?"

"పద్దెనిమిది నిమిషాలమ్మా."

"ఆయన పెద్ద లెక్క ఇరవై నాలుగు. తొందరపడమాక." అంటూ స్టాంపు కాగితం తీసి, తొమ్మిది షరతులనూ నిలువుగా ఒక్క గీతతో కొట్టివేశారు. కింద స్వహస్తంతో రాశారు: "చేతులు ఆగినవి అచ్చువేసుకో. ఆగనివి దాచుకో. అత్తని చంపమాక." సంతకం చేశారు. నేను కూడా చేయాలి. కలం పట్టుకోలేక వేలిముద్ర వేశాను. సిరాతో పాటు కొబ్బరినూనె అంటుకొని ఆ కాగితం మీద ఇప్పటికీ గుండ్రటి మరక ఉంది.

వచ్చేముందు నా భార్య ఏడేళ్ళుగా దాచుకున్న ప్రశ్న అడిగింది. "ఆయన అత్తగారిని అసలు ఎక్కడికి పంపిద్దామనుకున్నారండీ?"

"నేనూ అడిగానమ్మా. ఆయనకీ తెలీదు. ఎక్కించేశాను, టిక్కెట్టు ఆవిడే కొనుక్కుంటుంది అన్నారు."

స్టేషనుకు వచ్చాం. కౌంటరులో డబ్బులు పెట్టి, టిక్కెట్లు తీసుకొని, రైలెక్కి కూర్చున్నాం. బండి కదిలి కొంతదూరం పోయాక నా భార్య కిటికీలోంచి చూసి, "ఏవండీ, సముద్రం ఈ వైపుకి వచ్చిందేం?" అంది. టిక్కెట్లు చూశాను. గుంటూరుకు బదులు నేను ఒంగోలుకు అడిగాను. ఉద్యోగంలోనూ ఇంట్లోనూ నేను చేసిన ప్రయాణాలన్నిటికీ రికార్డు ఉంది. వ్యతిరేక దిశలో పోయినది అదొక్కటే. ఒంగోలు ప్లాట్‌ఫారం మీద అత్తగారు దిగినచోట ఇద్దరం నిలబడి, మండే వేళ్ళతో పల్లీల పొట్లం విప్పలేక, అక్కడున్న పోర్టరు చేత విప్పించుకొని తిన్నాం. ఎందుకు నవ్వుతున్నారని అతడు అడిగాడు.

"మావాళ్ళావిడ ఒకరు దిగారు" అంది నా భార్య.

ఆ తరవాత ప్రతి సీజనులోనూ షెడ్డుకు వెళ్ళాం. 2009 మే నెలలో మేస్త్రమ్మ పని మానేసి కూతురి ఊరికి వెళ్ళింది; నేను కూడా అక్కడితో కలం పక్కన పెట్టాను. లెక్క ఇది. రాసిన కథలు ఇరవై ఆరు. చేతులు ఆగినవి పంతొమ్మిది, అవి అచ్చయ్యాయి. ఆగనివి ఏడు, అవి ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఎక్కువసేపు ఆగినది ఇరవై మూడు నిమిషాలు; రచయితగారి కంటే ఒకటి తక్కువ. అత్తగారు బతికే ఉన్నారు.